కసరత్తు నేర్పువాని తుంటినొప్పి



'తుంటిమీద కొట్టిన మూతిపండ్లు రాలినవి' అను సామెతను మనమందఱమును హాస్యమునకై వాడుచుందుము. ఒకచోటి దెబ్బకు మఱియొకచోట ఫలము కనుపించుట అసంగతమని దాని భావము. కాని ఆ సామెత యంత అసంగతమైనది కాదని నా యనుభవమున తేలినది. చెడినది నాకు తుంటికీలు. నేను ఆఱుమాసములు తైలము రుద్దుకొన్నది మోకాలికి.

నేను కరీంనగరులో వ్యాయామ శిక్షకుడను. ప్రతిదినము తెల్లవాఱుజామున ఐదున్నర గంటలకు ఒక మైదానమున నలుబదిమంది వఱకు కూడుదురు. అందు బీడీలు చుట్టు స్త్రీలు కలరు, పింఛను పుచ్చుకొను ఉపాధ్యాయులు కలరు, అంగళ్లవారు కలరు. వారి యెదుట నిలిచి, ఒకటి రెండు మూడని లెక్కించుచు, కాలుసేతులు ముందుగా కదల్పవలసినవాడను నేను. సాయంకాలము యువకుల జట్టు వచ్చును. పోలీసు కొలువులకును, సైన్యమునకును పరుగుపందెములు నెగ్గవలసినవారు వీరు. పాటకు అడుగులు కలిపి చేయు క్రొత్త కసరత్తులును ఇప్పుడు వచ్చినవి. మా తాతగారు తాలీంఖానాలో దండీలు, బస్కీలు తీసి, ముద్గరములు త్రిప్పినవారు. ఈ పాటల కసరత్తును చూచినచో ఏమనియుందురో గాని, చెమట మాత్రము రెంటను ఒక్కటే.

ఈ వృత్తిలో నొక చిక్కు కలదు. సంగీతము చెప్పువానికి గొంతు బొంగురుపోయినచో ఫిడేలు సాయముండును. లెక్కలు చెప్పువాడు మంచముమీదనుండియైనను చెప్పవచ్చును. కసరత్తు నేర్పువానికి దేహమే పుస్తకము. ఆ పుస్తకము నలుబదిమంది యెదుట ప్రతి ఉదయము తెఱవవలసినదే. చినిగిన పుట దాగదు.

నొప్పి మొదట చిన్న చిన్న పనులయందు కనుపించినది. కాలిగోళ్లు తీసికొనుటకు వంగినపుడు కుడికాలు దగ్గఱకు రాలేదు. మేజోడు తొడుగుకొనుటకు గోడ నానుకొనవలసివచ్చెను. పెండ్లిపంక్తిలో బాసిపట్టు వేసికొని కూర్చుండగలిగితినిగాని, లేచునపుడు ప్రక్కవారి భుజము పట్టుకొనవలసివచ్చెను. మోటారు సైకిలెక్కుటకు కాలు విసరినపుడెల్ల గజ్జలో చుఱుక్కుమనెడిది. ఇన్ని సూచనలుండియు నేను తుంటిని శంకింపలేదు; రాత్రులందు నొచ్చునది మోకాలు గనుక మోకాలినే రుద్దుచుంటిని.

తుదకు ఎముకల వైద్యుని యొద్దకు పోయితిని. ఆయన మోకాలిని తాకి విడిచి, నన్ను వెల్లకిల పరుండబెట్టి, మోకాలు మడచి తొడను లోపలివైపునకు త్రిప్పెను. బాకుతో గజ్జలో గ్రుచ్చినట్లయ్యెను. ఛాయాచిత్రములో తుంటికీలు సందు సన్నగిల్లియుండెను. తుంటికిని మోకాలికిని వేదన తెలుపు నరముల శాఖలు ఒకే మూలమునుండి వచ్చుచున్నవట. అందుచేత తుంటి మొఱను మోకాలు వినిపించుట కలదు. మోకాలిలో దోషమేమియు కనబడక నొప్పిమాత్రముండు వృద్ధులు తుంటిని చూపించుకొనుట మంచిది.

ఆ కీలు నిర్మాణమును కొంచెము చెప్పెదను, ఏలననగా దానిని తెలిసికొన్న పిమ్మటనే నా నడక మాఱినది. తొడయెముక పైకొన గుండ్రని తలవలె నుండి, కటియెముకలోని గిన్నెవంటి గుంటలో నమరియుండును. రెంటికిని నునుపైన మృదులాస్థి పొరవలె నంటియుండును. ఆ పొరకు రక్తనాళములు లేవు. కీలు కదలినపుడు నొక్కబడుచు, వదలబడుచు, కీలునందలి ద్రవమునుండి పోషణము పీల్చుకొనును. కనుక ఎంతమాత్రము కదలకుండుట దానికి ఉపకారము కాదు. పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపురమున జరుగు నాగోబా జాతరకై మెస్రం వంశీయులగు గోండులు జన్నారము దగ్గఱనున్న హస్తినమడుగువఱకు కాలినడకన పోయి గోదావరి జలమును తెత్తురు. వారిలో తల నెఱసినవారిని అనేకులను చూచితిని. నడకవలన తుంటి అరిగిపోవునని భయపడువారు వారిని ఒకసారి చూడవలెను.

కాని భారము సంగతి వేఱు. మనము ఒంటికాలిపై నిలిచినపుడు ఆ తుంటిపై పడునది దేహపు బరువు మాత్రము కాదు. దాదాపు దానికి రెండున్నర, మూడు రెట్లు. నడచునపుడు ప్రతి అడుగునను మనము ఒంటికాలిపైననే యుందుము గదా! ఇంత భారమెట్లు వచ్చునందురా? తక్కెడను తలచుకొనుడు. కీలు నడిమి ముడి. దేహభారము ఒకవైపున దూరముగా వ్రేలాడుచుండును. దానిని పడకుండ ఆపు కండరము రెండవవైపున ముడికి మిక్కిలి దగ్గఱగా నున్నది. దగ్గఱనుండి లాగువాడు దూరమునున్న బరువును నిలుపవలెనన్న రెట్టింపు బలముతో లాగవలెను. ఆ లాగుడును, ఈ బరువును కలిసి కీలుమీదనే పడును.

ఇచ్చట చేతికఱ్ఱ మాట చెప్పవలసియున్నది. మన పెద్దలలో పలువురు నొప్పియున్న వైపు చేతనే కఱ్ఱ పట్టుదురు. నేనును అట్లే పట్టితిని. అది తప్పు. కుడితుంటి నొచ్చునెడల కఱ్ఱ ఎడమచేత నుండవలెను. అపుడు ఆ చేతినుండి కీలువఱకు దూరమెక్కువ గనుక, కొంచెము నొక్కినను కండరమునకు చాల భారము తగ్గును. కఱ్ఱయు నొప్పికాలును ఒక్కసారి ముందునకు పోవలెను. చేయి వ్రేలాడవిడిచినపుడు మణికట్టువఱకు వచ్చు పొడవు చాలును. మేకలకాపరి కఱ్ఱయంత అక్కఱలేదు. బరువు మోయుట మాత్రము దీనికి విరుద్ధము: సంచియో బిందెయో నొప్పియున్న ప్రక్క చేతనే పట్టవలెను. ఎదుటిప్రక్క పట్టినచో తక్కెడ ఇంకను ఒరిగి తుంటిమీద భారము హెచ్చును. ఇది విన్నపుడు నేను నమ్మలేదు. కూరగాయల సంచితో అంగడివీథిలో రెండువిధముల నడచి చూచి నమ్మితిని. ఇక మెట్లు: కొండగట్టుకు పోయినను, మేడ యెక్కినను, ఎక్కునపుడు మంచికాలు ముందు, దిగునపుడు నొప్పికాలు ముందు.

నా జట్టు స్త్రీలలో కొందఱికిని తుంటినొప్పి కలదు, వారిది వేఱు. గజ్జలోగాక, ప్రక్కకు పొడుచుకొనివచ్చిన ఎముకమీద నొచ్చును. ఆ ప్రక్కకు పరుండలేరు. అది కీలుదోషము కాదు, కండరమును ఎముకకు కట్టు స్నాయువు నలుగుటచేత వచ్చునది. బిడ్డను చంకనెత్తుకొని ఒక తుంటిపై ఒరిగి నిలుచుట, కాలిపై కాలు వేసికొని కూర్చుండుట దానిని పెంచును. రాత్రి మోకాళ్లనడుమ దిండు పెట్టుకొని పరుండుడని చెప్పితిని. కొందఱికి అంతమాత్రముననే నిద్ర పట్టినది.

మరల నా కథకు వత్తును. వైద్యుడు బరువు తగ్గుమనెను, దూకుడు మానుమనెను, తుంటిప్రక్క కండరములను బలపఱచుకొనుమనెను. నేను రెండవది వినలేదు. శిక్షకుడు దూకనిచో జట్టు నిలుచునా యని భయము. ఇంటియద్దెయు, పిల్లల చదువును ఆ నలుబదిమంది రుసుముతోనే గడచుచున్నవి. పట్టణమున క్రొత్తగా వచ్చిన శిక్షకులు ఇరువది యేండ్లవారు. కుంటువాని వెంట ఎవడు పరుగెత్తును? ఆ భయముచేత ఒక పల్లెవైద్యునిచేత సూది వేయించుకొంటిని. మూడు వారములు నొప్పి మాయమయ్యెను. నేను ఎగిరితిని, దుమికితిని. నాలుగవ వారమున నొప్పి తిరిగివచ్చెను, మరల సూది, ఆపై మాత్రలు. ఆకలి పెరిగెను, మొగము ఉబ్బెను. నాతో పాటు కసరత్తు చేయు ఒక పింఛను మాస్టరుగారు, 'నీ ముఖమేమయ్యా, పూర్ణపు బూరెవలె నున్నది!' యని నవ్విరి. ఆ నవ్వే నన్ను రక్షించినది. ఎముకల వైద్యుడు మాత్రలు చూచి తల పట్టుకొనెను. అవి స్టెరాయిడ్లు. అవసరమైన వ్యాధులలో, తగిన మోతాదున, వైద్యుని కనుసన్నలలో అవి ప్రాణముల నిలుపు మందులే. నొప్పులకని హెచ్చు మోతాదున చిరకాలము మ్రింగినచో తొడయెముక తలకు రక్తప్రసారము చెడి, ఆ తల లోలోపల చచ్చి కూలవచ్చును. అధికముగ మద్యము త్రాగువారికిని ఇట్టిదే సంభవించును. వానిని ఒక్కసారిగా విడుచుటయు ప్రమాదమే గనుక, వైద్యుడు క్రమముగ తగ్గించి మాన్పించెను. మీ యూళ్లలో కీళ్లనొప్పులకు పొట్లములలో పేరులేని మాత్రలు ఇచ్చువారున్నచో, ఆ మాత్ర పేరు కాగితముపై వ్రాసి ఇమ్మని అడుగుడు. వ్రాయనివాని మందు మ్రింగకుడు.

ఇపుడు చెప్పబోవునది నాకు కష్టమైన మాట.

సాయంకాలపు జట్టులో ఉట్నూరు ప్రాంతమునుండి వచ్చి కరీంనగరున చదువుకొనుచున్న గోండు బాలుడొకడుండెను. మంచి పరుగరి. నాకు నొప్పి రాకముందు ఒక సంవత్సరము, వాడు తుంటినొప్పియని పరుగు నడుమ నిలిచిపోవుచుండెను. శీతకాలమున మఱియు నెక్కువ. నేను వానిని సోమరివని గద్దించితిని. ఇరువది యేండ్లవానికి తుంటినొప్పి యేమిటని అందఱి యెదుట నవ్వి, అదనముగ రెండు చుట్లు పరుగెత్తించితిని. వాడు మాటాడక పరుగెత్తెను. కొన్నాళ్లకు రావడము మానెను. 

నా తుంటి నొచ్చిన పిమ్మట వాని ముఖము నాకు రాత్రులందు కనబడసాగెను. విచారించి, వానిని వెదకి, నా వైద్యునియొద్దకే తోడ్కొనిపోయితిని. రక్తము పరీక్షింపగా వానికి సికిల్ సెల్ వ్యాధి యని తేలినది. తొడయెముక తల ఒకవైపు అప్పటికే కూలియుండెను.

ఈ వ్యాధిలో గుండ్రముగ నుండవలసిన ఎఱ్ఱ రక్తకణములు కొడవలివలె వంకరపోయి, సన్నని నాళములలో చిక్కుకొని, దారిని మూయును. దారి మూసికొన్నచోట ప్రాణవాయువు అందక భరింపరాని నొప్పి. తొడయెముక తలకు వచ్చు నాళములు సన్ననివి గనుక పడుచుప్రాయముననే తుంటి చెడుట కలదు. అమెరికాలో హెరిక్ అను వైద్యుడు 1910లో ఈ కణములను మొదట వర్ణించెను. మన దేశమున 1952లో నీలగిరుల గిరిజనులలో దీనిని గుర్తించిరి. గోండులు మొదలగు మధ్యభారత గిరిజనులలో ఇది హెచ్చు. చలి, దాహము, మితిమీరిన శ్రమ, జ్వరము దీనిని రేపును. నేను వానికి చేసినదంతయు అదియే: చలికాలపు సాయంకాలమున, నీరు త్రాగనీయక, అదనముగ రెండు చుట్లు.

పెద్దలు గమనింపవలసిన సంగతి యొకటి యిందు కలదు. ఈ దోషము తల్లినుండి ఒకపాలు, తండ్రినుండి ఒకపాలు వచ్చినపుడే వ్యాధిగా పరిణమించును. ఒకపాలు మాత్రమున్నవారు సాధారణముగ ఆరోగ్యవంతులుగనే యుందురు. తమకున్నదని వారికే తెలియదు. అట్టి యిరువురు వివాహమాడినచో ప్రతి గర్భమునందును వ్యాధిగల శిశువు పుట్టుటకు నాలుగింట ఒకవంతు అవకాశము కలదు. కొలది రక్తముతో పరీక్ష ముగియును. 2023వ సంవత్సరము జులై 1న కేంద్రప్రభుత్వము ఈ వ్యాధి నిర్మూలనమునకై జాతీయ కార్యక్రమము నారంభించి, గిరిజన ప్రాంతములలో పరీక్షలు జరిపించి, ఫలితము వ్రాసిన కార్డు లిచ్చుచున్నది. జాతకములు, గోత్రములు చూచి సంబంధములు కుదుర్చువారు మీరే; ఆ కార్డులనుగూడ ప్రక్క ప్రక్కన పెట్టి చూచుట మీ చేతిలోని పని. ఒకపాలు దోషమున్న పిల్లను గాని పిల్లవానిని గాని వెలివేసినట్లు చూచుట మాత్రము అజ్ఞానము.

ఆ బాలుని వారి యూరిలో దిగవిడుచుటకు దీపావళి దినములలో పోయితిని. దండారి జరుగుచుండెను. నెమలిపింఛముల టోపీలు, ఒడలెల్ల బూడిద, చేత కఱ్ఱ ధరించి గుస్సాడీలు ఆడుచుండిరి. ఈ నృత్యమును ఎందఱో యువకులకు నేర్పిన మర్లవాయి కనక రాజుగారికి 2021లో పద్మశ్రీ ప్రకటింపబడెను. ఆయన 2024 అక్టోబరులో గతించెను. ఇందిరాగాంధి ప్రధానిగా నుండినపుడే ఆయన ఢిల్లీలో గుస్సాడీ ఆడినవాడు. నేను ఆ రాత్రి అరుగుమీద కూర్చుండి గమనించినది యొకటి: ఆటను నడపునది ముందున్నవాని కాళ్లు కాదు, డోలు, గుమేల మొదలగు వాద్యములు. దరువు మాఱినపుడు అడుగు తానే మాఱుచున్నది. ప్రక్కన కూర్చున్న ముసలివారు ఒక కేక వేసిన చాలును, తప్పటడుగు సరియగుచున్నది.

ఇంటికి వచ్చి ఒక డప్పు కొంటిని. మఱునాడు జట్టుతో నిజము చెప్పితిని. 'నా కుడితుంటి చెడినది. నేనిక దూకను. దరువు వేసి, తప్పులు దిద్దెదను. మీలో ఒకరు వంతుల చొప్పున ముందు నిలువుడు' అంటిని. ఆ మాసమున ఏడుగురు మానిరి. అందు ముగ్గురు తిరిగివచ్చిరి. బీడీలు చుట్టు స్త్రీ యొకతె మొదటిదినమున ముందు నిలుచుటకు సిగ్గుపడి, రెండవ వారమునకు నా లెక్కనే దిద్దసాగెను. నిలుచుండి చేయుచున్నంతకాలము నాకు జట్టులో మొదటి రెండు వరుసలే కనబడెడివి. పీటమీద కూర్చున్న తరువాత, వెనుక వరుసలో ఒకాయన అయిదేండ్లుగా మోకాలు లోపలికి వంచి బస్కీలు తీయుచున్నాడని కనుగొంటిని.

బలాఢ్యులకే ఇట్టి గతి తప్పలేదు. కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడుగారు విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా నుండి, పిమ్మట ఏనుగును ఱొమ్ముపై నిలుపుకొని దేశదేశములను ఆశ్చర్యపఱచినవాడు. తుదిదినములలో కాలికి పుండుపుట్టి కాలు తీసివేయవలసివచ్చెను. 1942లో ఆయన గతించెను. 

నా కసరత్తిపుడు స్వల్పమైనది. మంచిప్రక్కకు పరుండి నొప్పికాలిని జానెడు పైకెత్తి దింపుట, వెల్లకిల పరుండి మోకాళ్లు మడచి పిరుదులెత్తుట, మంచముమీదనుండి చేతిసాయము లేక పదిమాఱులు లేచి కూర్చుండుట, సమతలమున నడక. మానేరు ఆనకట్ట కట్టమీద ప్రొద్దున ఎండ రాకముందు నడచుట సుఖముగా నుండును. కొలదిగా నొచ్చినను మఱునాటి ఉదయమునకు తగ్గినచో చేయవచ్చును. తగ్గనిచో మోతాదెక్కువయైనదని గుర్తు. ఇది నా వైద్యుడు చెప్పిన కొలత.

ఇంకొక మాట మఱచితిని. ముసలివారు జాఱిపడి లేవలేక, ఆ కాలు పొట్టిగా, పాదము బయటికి తిరిగియున్నచో అది బెణుకు కాదు, తుంటియెముక విఱిగినది. తైలము వలదు, కట్టు కట్టించవలదు, కాలు లాగవలదు. పలకపైనో మంచముపైనో కదలకుండ ఆసుపత్రికి చేర్పవలెను. శస్త్రచికిత్స ఒకటి రెండు దినములలో జరిగినచో లేచి నడచు ఆశ కలదు. మంచమున పడియున్న కొలది పుండ్లు, ఊపిరితిత్తుల జబ్బు వచ్చును. తుంటి విఱిగినవారిలో అనేకులను చంపునది ఆ పడకయే.

పూర్తిగా అరిగిన కీలును మార్చుటయు నేడు సామాన్యమైనది. ఇంగ్లండులో రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ అను శస్త్రవైద్యుడు మొదట టెఫ్లాన్ గిన్నెలు పెట్టి విఫలుడయ్యెను. అవి కొలదియేండ్లకే అరిగిపోయినవి. ఆ అరుగుడు పొడి దేహమున కేమి చేయునో తెలిసికొనుటకు దానిని తన తొడలోనే ప్రవేశపెట్టుకొనెనట. 1962లో గట్టి పాలిథీన్ గిన్నెయు, లోహపు తలయు అమర్చి కృతార్థుడయ్యెను. నాకు దాని యవసరము ఇప్పుడు లేదని వైద్యుడనెను, పదియేండ్లకు రావచ్చును.

ఆ బాలునికి మాత్రము ముందే కావలసియున్నది. పోలీసు కొలువు మాట విడిచి, చదువు సాగించుచున్నాడు. మందులు క్రమముగ వాడుచున్నాడు. నీళ్లసీసా ప్రక్కననే యుండును. సాయంకాలము మైదానమునకు వచ్చి డప్పు వాని కిమ్మని అడిగెను. ఇచ్చితిని. నాకంటె వాడు దరువు బాగుగ పట్టును. నేను వానిని క్షమింపుమని అడిగితిని. వాడు నవ్వి, 'మీరప్పుడు పరుగెత్తించినది రెండు చుట్లు కాదు సారూ, మూడు' అనెను.

సెలవు.